ఆడిట్‌లో హార్ట్‌బ్లీడ్ తేలింది, ఇప్పుడు కూడా పట్టించుకోవాలా?

శేరిలింగంపల్లి_అడ్మిన్
మా కంపెనీలో పోయిన వారం సెక్యూరిటీ ఆడిట్ జరిగింది. బయటి టీమ్ వచ్చి నెట్‌వర్క్ అంతా స్కాన్ చేసి రిపోర్ట్ ఇచ్చారు. అందులో రెండు చోట్ల సీవీఈ-2014-0160 అని ఎర్రగా కనిపిస్తోంది, అది హార్ట్‌బ్లీడ్ అనే బగ్ నంబర్. ఒకటి 2013లో కొన్న వీపీఎన్ బాక్స్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి రావడానికి వాడేది). రెండోది సెంటాస్ 6 అనే లైనక్స్ మీద నడుస్తున్న పాత బిల్లింగ్ సర్వర్.

బాక్స్ అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే "ఫర్మ్‌వేర్ అప్‌డేట్ పంపుతాం, అది వేసి యూజర్ల పాస్‌వర్డ్‌లు మార్పించండి, అంతే" అన్నారు. మా మేనేజర్ ఏమో "2014 నాటి బగ్ కోసం ఇప్పుడు డౌన్‌టైమ్ అడిగితే పైవాళ్లు ఒప్పుకోరు" అంటున్నారు. నాకు మాత్రం ఒకటే టెన్షన్. నిజంగా ఏం చేయాలి? పాస్‌వర్డ్‌లు మారిస్తే సరిపోతుందా?

విశాఖ_నెట్‌వర్క్
ముందు ఆ వీపీఎన్ బాక్స్‌ను ఇంటర్నెట్ నుంచి తీసేయండి. మిగతా మాటలు తర్వాత.

కొత్త_డెవాప్స్
హార్ట్‌బ్లీడ్ పేరు విన్నాను గానీ అప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. ఎవరైనా కాస్త అర్థమయ్యేలా చెబుతారా?

డల్లాస్_రమణ
@కొత్త_డెవాప్స్ చెబుతాను, కొంచెం పెద్దగానే రాస్తాను.

వెబ్‌సైట్‌కూ బ్రౌజర్‌కూ మధ్య మాటలు ఎవరూ వినకుండా చేసే లైబ్రరీల్లో ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అందరికంటే ఎక్కువ వాడుకలో ఉంది. అపాచీ, ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్లు రెండూ దానిమీదే ఆధారపడతాయి. ఆ మాటలను ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి పేరు టీఎల్ఎస్, అందులో "హార్ట్‌బీట్" అనే చిన్న ఏర్పాటు ఉంది. కనెక్షన్ ఇంకా బతికే ఉందా అని అవతలివాళ్లను అడగడానికి ఒక ముక్క డేటా పంపుతాం, వాళ్లు అదే ముక్కను తిప్పి పంపాలి. పంపేటప్పుడు ఆ ముక్క పొడవు ఎంతో కూడా చెబుతాం. తప్పు అక్కడే జరిగింది. పంపింది ఒక్క బైట్ అయినా, పొడవు 65,535 అని రాస్తే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ దాన్ని నమ్మేది. వచ్చింది ఎంత, చెప్పింది ఎంత అని పోల్చి చూసేది కాదు. మెమరీలో ఆ ఒక్క బైట్ పక్కన ఏముంటే అది దాదాపు 64 కేబీ దాకా కాపీ చేసి పంపేసేది. రేషన్ షాపులో కార్డు తెరిచి చూడకుండా "మా ఇంట్లో నలభై మంది" అన్నవాడికి నలభై మంది బియ్యం కొలిచి పోసినట్టు.

ఆ పక్కన ఉన్నది ఏదైనా కావచ్చు. అప్పుడే లాగిన్ అయిన ఇంకొకరి పాస్‌వర్డ్, సెషన్ కుకీ, మెయిల్‌లో ఒక ముక్క. లాగిన్ అవ్వకుండానే ఎవరైనా అడగొచ్చు, ఎన్నిసార్లయినా అడగొచ్చు. మామూలు లాగ్‌లలో దాని జాడ కూడా పడదు.

ఈ కోడ్ 2011 డిసెంబర్ 31న చేరింది. 2012 మార్చి 14న 1.0.1 వెర్షన్‌తో లోకం మీదికి వచ్చింది. 2014 ఏప్రిల్ 7న బయటపెట్టి, అదే రోజు 1.0.1జీలో సరిచేశారు. గూగుల్‌లో నీల్ మెహతా, ఫిన్లాండ్‌లో కోడెనోమికాన్ ఇంజనీర్లు ఒకరికొకరు తెలియకుండా కనిపెట్టారు. ఆ పేరు, రక్తం కారే గుండె బొమ్మ కోడెనోమికాన్ వాళ్లు పెట్టినవే.

సి_భాష_రవి
రమణ గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. హార్ట్‌బీట్ నిబంధనలు రాసిన ఆర్‌ఎఫ్‌సీ 6520లోనే ఉంది, చెప్పిన పొడవు మరీ ఎక్కువగా ఉంటే ఆ సందేశాన్ని నిశ్శబ్దంగా పారేయాలని. నిబంధన సరిగ్గానే ఉంది, కోడ్ దాన్ని పాటించలేదు. చివరికి సరిచేసింది కూడా ఒక పోలిక, ఒక రిటర్న్. ఎక్కువైతే పట్టించుకోకుండా వదిలెయ్ అని.

కొత్త_డెవాప్స్
అర్థమైంది అన్నా, థాంక్స్. కానీ 64 కేబీయే కదా, అంత చిన్న ముక్కలో ఏం దొరుకుతుంది?

విశాఖ_నెట్‌వర్క్
ఒక ముక్క 64 కేబీ. లక్ష సార్లు అడిగితే?

లక్ష్మి_క్యూఏ
దీనికి క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ సేవల కంపెనీ పెట్టిన పోటీ సంగతి చెప్పాలి. సర్వర్ ప్రైవేట్ కీ (సర్వర్ తన గుర్తింపు నిరూపించుకునే రహస్యం) ఈ దారిలో బయటికి రావడం చాలా కష్టమని వాళ్లు మొదట అనుకున్నారు. వాళ్ల ప్రయత్నాల్లో రాలేదు కూడా. అనుకుని ఊరుకోకుండా 2014 ఏప్రిల్ 11న కావాలనే ప్యాచ్ వేయని ఎన్‌జిన్‌ఎక్స్ సర్వర్ ఒకటి ఇంటర్నెట్‌లో పెట్టి, దీని కీ దొంగిలించి చూపించండి అన్నారు. కొన్ని గంటల్లోనే ఫెడోర్ ఇండుట్నీ అనే ప్రోగ్రామర్ తీసి చూపించాడు. సుమారు 25 లక్షల రిక్వెస్టులు పంపాడట. తర్వాత ఫిన్లాండ్ నుంచి ఇల్కా మట్టిలా దాదాపు లక్ష రిక్వెస్టులతోనే తీశాడు.

ఎలా తీశారన్నది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆర్‌ఎస్ఏ కీ అంటే రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధం. ఆ లబ్ధం సైట్ గుర్తింపు పత్రమైన సర్టిఫికెట్‌లోనే ఉంటుంది, అందరికీ కనిపిస్తుంది. లెక్క చేసేటప్పుడు ఆ రెండు సంఖ్యల నకళ్లు మెమరీలో అక్కడక్కడా చెరపకుండా మిగిలిపోతున్నాయి. కారిన మెమరీలో ప్రతి ముక్కనూ ఒక సంఖ్యగా తీసుకుని, లబ్ధాన్ని అది నిశ్శేషంగా భాగిస్తుందా అని చూడటమే. ఒక్కటి భాగించిందంటే కీ మొత్తం చేతికొచ్చినట్టే.

అందుకే @శేరిలింగంపల్లి_అడ్మిన్, మీకు అమ్మినవాళ్లు పాస్‌వర్డ్‌ల గురించి చెప్పి కీ గురించి చెప్పకపోవడం నాకు అస్సలు నచ్చలేదు.

శేరిలింగంపల్లి_అడ్మిన్
బాక్స్ ఇంటర్నెట్ వైపు పోర్ట్ ఈ మధ్యాహ్నం మూయించాను. మేనేజర్‌కు రాతపూర్వకంగా మెయిల్ పెట్టాను. లక్ష్మి గారూ, కీ అంటే సర్టిఫికెట్ రెన్యూ చేయాలనా? అది ఏటా చేస్తూనే ఉన్నాం.

లక్ష్మి_క్యూఏ
రెన్యూ చేసేటప్పుడు కొత్త సీఎస్ఆర్ (సర్టిఫికెట్ కోసం మన కీతో తయారు చేసి పంపే దరఖాస్తు) తయారు చేస్తున్నారా, పాతదే మళ్లీ ఇస్తున్నారా?

పాత_లైనక్స్
ఈలోగా సెంటాస్ సర్వర్ గురించి. అది నిజమైన అలారం కాకపోవచ్చు. చాలా స్కానర్లు వెర్షన్ పేరు చూసి చెప్పేస్తాయి. రెడ్‌హ్యాట్, సెంటాస్ 6.5లో ఉన్నది ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1.0.1ఈ. ప్యాచ్ వేశాక కూడా 1.0.1ఈ అనే చూపిస్తుంది, ఎందుకంటే వాళ్లు కొత్త వెర్షన్‌కు మారకుండా ఆ ఒక్క మార్పును పాతదాంట్లో కలుపుతారు. చూడాల్సింది ప్యాకేజీ నంబర్. 1.0.1ఈ-16.ఈఎల్6_5.7 గానీ, అంతకంటే కొత్తది గానీ ఉంటే ప్యాచ్ పడినట్టే. ఉబుంటు 12.04 వాళ్లకూ ఇదే గందరగోళం ఉండేది.

అసలు ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 0.9.8, 1.0.0 వాడుతున్నవాళ్లకు హార్ట్‌బ్లీడ్ లేదు, వాటిలో హార్ట్‌బీట్ కోడే లేదు. ఆ ఏప్రిల్‌లో రెడ్‌హ్యాట్ 5 వాడుతున్న మా టీమ్ హాయిగా నిద్రపోయింది. కొత్తదానికి మారినవాళ్లు రాత్రంతా మేలుకున్నారు.

విశాఖ_నెట్‌వర్క్
అందుకని పాతదే మంచిదని ఎవరూ అనుకోకండి దయచేసి. 0.9.8లో వేరే రంధ్రాలు ఉన్నాయి.

పాత_లైనక్స్
అలా అనలేదు బాబూ. జరిగింది చెప్పాను.

డల్లాస్_రమణ
@పాత_లైనక్స్ ప్యాకేజీ నంబర్ ఒక్కటే చూస్తే చాలదండి. ఫైల్ మారినా, అప్పటికే నడుస్తున్న అపాచీ మెమరీలో పాత లైబ్రరీయే ఉంటుంది. రీస్టార్ట్ చేసేదాకా ఆ రంధ్రం అలాగే ఉంటుంది. పోస్ట్‌ఫిక్స్ (మెయిల్), డేటాబేస్, ఎల్‌డ్యాప్ (యూజర్ల డైరెక్టరీ), అన్నీ చూసుకోవాలి. కొన్ని ప్రోగ్రాములు ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌ను తమ లోపలే కలిపేసుకుని వస్తాయి, వాటికి ఆ ప్రోగ్రామే కొత్తది వేయాలి. ఎన్‌మ్యాప్ అనే స్కానర్‌లో హార్ట్‌బ్లీడ్‌కు ప్రత్యేకంగా స్క్రిప్ట్ ఉంది. అది నిజంగా హార్ట్‌బీట్ పంపి చూస్తుంది. వెర్షన్ నమ్మడం కంటే అది మేలు.

ఇంకోమాట. సెంటాస్ 6కు 2020 నవంబర్ 30తో మద్దతు ముగిసింది. హార్ట్‌బ్లీడ్ లేకపోయినా ఆ బిల్లింగ్ సర్వర్‌ను మార్చాల్సిందే.

శేరిలింగంపల్లి_అడ్మిన్
సెంటాస్ చూశాను. ప్యాచ్ ఉన్న ప్యాకేజీయే ఉంది, ఎన్‌మ్యాప్ కూడా క్లీన్ అని చెప్పింది. పాత_లైనక్స్ గారు చెప్పినట్టే అది ఉత్త అలారం. వీపీఎన్ బాక్స్ మీద మాత్రం ఎన్‌మ్యాప్ వల్నరబుల్ అనే చూపించింది.

లక్ష్మి గారూ, సర్టిఫికెట్ ఫైళ్లు వెతికాను. నాకంటే ముందు ఉన్న అడ్మిన్ 2013లో చేసిన సీఎస్ఆర్‌నే ఏటా అప్‌లోడ్ చేస్తూ వచ్చారు. పైగా అది వైల్డ్‌కార్డ్. మెయిల్ సర్వర్, హెచ్ఆర్ పోర్టల్, వీపీఎన్ అన్నింటికీ అదే.

లక్ష్మి_క్యూఏ
అయ్యో. ఇక ఇది వీపీఎన్ బాక్స్ సమస్య కాదు. సీఎస్ఆర్ పాతదైతే లోపల కీ కూడా పాతదే. ఇన్నేళ్లలో ఎవరైనా ఎప్పుడైనా ఆ బాక్స్ నుంచి కీ లాగి ఉంటే, ఈరోజు మీ మెయిల్ సర్వర్‌లా నటించగలరు. మెయిల్ సర్వర్‌కు హార్ట్‌బ్లీడ్ ఎప్పుడూ లేకపోయినా సరే.

2014లోనూ ఇదే జరిగింది. హడావుడిగా కొత్త సర్టిఫికెట్ తీసుకుని పాత కీనే ఉంచుకున్న సైట్లు వేలల్లో ఉన్నాయని ఇంటర్నెట్ సర్వేలు చేసే నెట్‌క్రాఫ్ట్ అప్పుడే చెప్పింది. కొత్త తేదీ చూసి అందరూ బాగుపడిందనుకున్నారు.

వరస ముఖ్యం. మొదట ప్యాచ్ వేయాలి, లేకపోతే బాక్స్ తీసేయాలి. తర్వాత కొత్త కీ, దానితో కొత్త సర్టిఫికెట్. పాతదాన్ని రివోక్ చేయించాలి, అంటే ఇక చెల్లదనిపించాలి. ఆ తర్వాతే పాస్‌వర్డ్‌లు. ప్యాచ్‌కు ముందే పాస్‌వర్డ్ మారిస్తే కొత్త పాస్‌వర్డ్ కూడా అదే మెమరీలోకి వెళ్తుంది.

అమీర్‌పేట్_ట్రైనర్
మరీ భయపెడుతున్నారేమో. హార్ట్‌బ్లీడ్‌తో నిజంగా నష్టపోయినవాళ్లు ఎంతమంది? వార్తల్లో గోల తప్ప.

విశాఖ_నెట్‌వర్క్
కెనడా ఆదాయపు పన్ను శాఖ. బయటపెట్టిన రోజుల్లోనే సుమారు 900 మంది సోషల్ ఇన్సూరెన్స్ నంబర్లు పోయాయి. పన్ను రిటర్నులు వేసే సమయంలో వాళ్లు ఆన్‌లైన్ సేవలు మూసేయాల్సి వచ్చింది.

డల్లాస్_రమణ
అమెరికాలో కమ్యూనిటీ హెల్త్ సిస్టమ్స్ అనే ఆసుపత్రుల గొలుసు. 45 లక్షల మంది రోగుల వివరాలు పోయాయి. 2014 ఆగస్టులో బయటపడింది. దారి హార్ట్‌బ్లీడేనని, ప్యాచ్ పడని ఒక నెట్‌వర్క్ పరికరం నుంచి లాగిన్ వివరాలు లాగి వీపీఎన్‌లోకి వచ్చారని ట్రస్టెడ్‌సెక్ అనే సెక్యూరిటీ సంస్థ చెప్పింది. శేరిలింగంపల్లి వారి బాక్స్ ఎలాంటిదో చూశారుగా. ఇది భయపెట్టడం కాదు.

అమీర్‌పేట్_ట్రైనర్
ఆసుపత్రి సంగతి నాకు తెలియదు. ఒప్పుకుంటున్నా. కానీ ఒక ప్రశ్న, లాగ్‌లో జాడ పడదన్నప్పుడు ఆ కీ ఎవరైనా తీశారో లేదో ఎలా తెలుస్తుంది?

లక్ష్మి_క్యూఏ
తెలియదు. అందుకే తీశారనే అనుకుని పని చేయాలి.

సి_భాష_రవి
సెక్యూరిటీ నిపుణుడు బ్రూస్ ష్నయర్ అంతటివాడు పదికి పదకొండు అని రేటింగ్ ఇచ్చాడు దీనికి.

రస్ట్_రాజేష్
ఇదంతా సీ భాష వల్ల వచ్చిన తంటా. హద్దులు తానే చూసుకునే భాషలో రాసి ఉంటే పక్క మెమరీ చదవడమే కుదిరేది కాదు. ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోయేది.

సి_భాష_రవి
పూర్తిగా ఒప్పుకోను. అదే సీలో రాసిన వేరే లైబ్రరీలకు ఇది లేదు. ఓపెన్‌బీఎస్‌డీ లాంటి సిస్టమ్‌లలో మెమరీ కేటాయింపులోనే రక్షణలు ఉన్నాయి, హద్దు దాటితే ప్రోగ్రామ్ కూలిపోయేలా. కానీ ఓపెన్‌ఎస్ఎస్ఎల్ వేగం కోసం తనకంటూ సొంత మెమరీ జాబితా పెట్టుకుంది. దాంతో ఆ రక్షణలు పనికిరాకుండా పోయాయి. ఓపెన్‌బీఎస్‌డీ మొదలుపెట్టిన థియో డి రాట్ కోపం అంతా దీనిమీదే. 2014 ఏప్రిల్‌లోనే ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు ఓపెన్‌ఎస్ఎస్ఎల్ కోడ్ తీసుకుని విడిగా లిబ్రెఎస్ఎస్ఎల్ మొదలుపెట్టారు. మొదటి వారంలోనే 90 వేల లైన్లకు పైగా కోడ్ తీసిపారేశారు. గూగుల్ అదే ఏడాది బోరింగ్‌ఎస్ఎస్ఎల్ అని తనది తాను చేసుకుంది.

ఇంకా ముఖ్యం, హార్ట్‌బీట్ నిజంగా అవసరమయ్యేది యూడీపీ (ముందుగా కనెక్షన్ పెట్టుకోకుండా డేటా పంపే పద్ధతి) మీద నడిచే డీటీఎల్ఎస్ అనే టీఎల్ఎస్ రకానికి. మామూలు వెబ్‌సైట్లలో దాన్ని వాడేవాళ్లే దాదాపు లేరు. అయినా అందరికీ మొదటి నుంచే ఆన్‌లో పెట్టారు. వాడని తలుపు ఎందుకు తెరిచి ఉంచాలి?

రస్ట్_రాజేష్
వాడని తలుపు సంగతి కరెక్ట్. భాష మీద మాత్రం నా మాట నాదే. ఎంత జాగ్రత్తపరుడైనా ఒక పోలిక మర్చిపోతాడు. మర్చిపోయినా ప్రమాదం లేని ఏర్పాటు కావాలి.

పాత_లైనక్స్
భాషల గొడవకు వేరే థ్రెడ్ ఉంది, అక్కడ ఇప్పటికే రక్తం పారుతోంది 😄

నా బాధ వేరే. ప్రపంచంలో ఎన్‌క్రిప్షన్ వాడే సైట్లలో దాదాపు 17.5 శాతం, అంటే ఐదు లక్షల దాకా, ఆ రోజు ప్రమాదంలో ఉన్నాయని నెట్‌క్రాఫ్ట్ లెక్క. అంత పెద్ద భవనం కింద ఎవరున్నారో చూస్తే, ఫుల్ టైమ్ పనిచేసేది ఒక్కడు, స్టీఫెన్ హెన్సన్. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ఫౌండేషన్‌కు ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లని ఆ ఫౌండేషన్ నడిపిన స్టీవ్ మార్కెస్ అప్పుడు రాశారు. హైదరాబాద్‌లో మామూలు ఆఫీసు నెల అద్దె కూడా అంతకంటే ఎక్కువ. కోడ్ రాసిన కుర్రాడు అప్పుడు జర్మనీలో పీహెచ్‌డీ చేస్తున్నాడు, ఆ కోడ్‌ను చూసి ఒప్పుకున్నవాళ్లూ గమనించలేదు. వాళ్లను తిట్టడం నాకు ఎప్పుడూ న్యాయంగా అనిపించలేదు. దాన్ని ఉచితంగా వాడుకుని కోట్లు సంపాదించిన కంపెనీల్లో ఒక్కటైనా రెండేళ్లలో ఆ కోడ్ తెరిచి చదివిందా?

తర్వాత లైనక్స్ ఫౌండేషన్ కింద కోర్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఇనీషియేటివ్ అని పెట్టి గూగుల్, మైక్రోసాఫ్ట్, అమెజాన్, ఫేస్‌బుక్ లాంటివాళ్లు ఏడాదికి కనీసం లక్ష డాలర్ల చొప్పున మూడేళ్లు ఇస్తామన్నారు. ఇల్లు కాలాక.

డల్లాస్_రమణ
అయినా ఇచ్చారు కదా సార్. దానితో ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌కు ఫుల్ టైమ్ మనుషులు వచ్చారు, కోడ్ ఆడిట్ జరిగింది. అది చిన్న విషయం కాదు.

పాత_లైనక్స్
కాదనను. కానీ 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే డేటా కుదింపు లైబ్రరీ సంగతి చూశాం. ఒంటరిగా ఒక లైబ్రరీని మోస్తున్న మనిషి పక్కన సాయం చేస్తానని చేరి, నమ్మకం సంపాదించి, వెనకదారి పెట్టారు. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే మార్గం) లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ పట్టుబట్టి చూడబట్టి బయటపడింది. ఆ ఒంటరి మనుషుల పరిస్థితి అన్నిచోట్లా మారలేదు.

లక్ష్మి_క్యూఏ
కీల విషయం వచ్చింది కాబట్టి డెబియన్ అనే లైనక్స్‌లో 2008లో బయటపడ్డ తప్పు కూడా చెప్పుకోవాలి. మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ హెచ్చరికలు వస్తున్నాయని డెబియన్‌లో ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ప్యాకేజీ నుంచి లైన్లు తీసేశారు. దాంతో యాదృచ్ఛిక సంఖ్యలకు మిగిలిన ఆధారం ప్రాసెస్ ఐడీ ఒక్కటే. ఒక్కో రకం సిస్టమ్ మీద, ఒక్కో సైజు కీకి 32,768 కీలకు మించి రావు. 2006 సెప్టెంబర్ నుంచి 2008 మే 13 దాకా అలాగే నడిచింది. లూసియానో బెల్లో కనిపెట్టాడు.

నేను అప్పట్లో పనిచేసిన చోట సర్వర్లన్నీ రెడ్‌హ్యాట్, మాకేం లేదని వదిలేశారు. తీరా చూస్తే ఒక డెవలపర్ తన డెబియన్ ల్యాప్‌టాప్‌లో చేసుకున్న ఎస్‌ఎస్‌హెచ్ కీ ప్రొడక్షన్ సర్వర్లన్నింటిలో ఉంది. అందుకే సర్వర్ల జాబితా కంటే ముందు కీల జాబితా అడుగుతాను. ఏ కీ ఎక్కడ పుట్టింది, ఎక్కడెక్కడ తిరిగింది అని.

కొత్త_డెవాప్స్
హార్ట్‌బ్లీడ్‌లో ఎస్‌ఎస్‌హెచ్ కీలు కూడా పోతాయా?

డల్లాస్_రమణ
ఎస్‌ఎస్‌హెచ్ టీఎల్ఎస్ వాడదు, కాబట్టి దాని మీద నేరుగా పని చేయదు. కానీ లైబ్రరీ వాడేది సర్వర్లే కాదని గుర్తుంచుకో. ఆండ్రాయిడ్ 4.1.1 ఫోన్లు కూడా దీని బారిన పడ్డాయి. అక్కడ చెడ్డ సర్వరే ఫోన్‌ను హార్ట్‌బీట్ అడుగుతుంది.

శేరిలింగంపల్లి_అడ్మిన్
అప్‌డేట్: లక్ష్మి గారి పోస్ట్ ప్రింట్ తీసి మేనేజర్ టేబుల్ మీద పెట్టాను. పాత కీ మెయిల్ సర్వర్‌లో కూడా ఉందనేసరికి డౌన్‌టైమ్ దొరికింది. వీపీఎన్ బాక్స్ పూర్తిగా తీసేశాం. మెయిల్‌కు, హెచ్ఆర్‌కు వేరువేరు కీలు, వేరువేరు సర్టిఫికెట్లు చేశాం, వైల్డ్‌కార్డ్ వదిలేశాం. పాతదాన్ని రివోక్ చేయమని రిక్వెస్ట్ పెట్టాను. రేపటి నుంచి పాస్‌వర్డ్‌లు.

ఇంకొక్క సందేహం. పాత కీ ఎవరి దగ్గరైనా ఉంటే, వాళ్లు గతంలో రికార్డు చేసి పెట్టుకున్న ట్రాఫిక్‌ను కూడా ఇప్పుడు చదవగలరా?

లక్ష్మి_క్యూఏ
చాలా బాగా చేశారు. రికార్డు చేసిన ట్రాఫిక్ అయితే అప్పటి సైఫర్ (వాడిన ఎన్‌క్రిప్షన్ పద్ధతి) మీద ఆధారపడి ఉంటుంది. పేరు ఈసీడీహెచ్ఈ లేదా డీహెచ్ఈ అని మొదలైతే ప్రతి కనెక్షన్‌కూ తాత్కాలిక కీ వేరు, కాబట్టి సర్టిఫికెట్ కీ దొరికినా పాత సంభాషణ తెరుచుకోదు. ఉత్త ఆర్‌ఎస్ఏ కీ మార్పిడి అయితే మొత్తం చదవొచ్చు. 2018లో వచ్చిన టీఎల్ఎస్ 1.3లో ఆ పాత పద్ధతిని తీసేశారు.

శేరిలింగంపల్లి_అడ్మిన్
మెయిల్ సర్వర్‌లో ఈసీడీహెచ్ఈ ఉంది. వీపీఎన్ బాక్స్ కాన్ఫిగ్ బ్యాకప్ చూస్తే అన్నీ ఉత్త ఆర్‌ఎస్ఏవే.

లక్ష్మి_క్యూఏ
అలాగైతే ఆ వీపీఎన్ మీదుగా ఇన్నేళ్లు ఏమేం వెళ్లిందో ఒక జాబితా రాయండి. డేటాబేస్ పాస్‌వర్డ్‌లు, క్లయింట్ల సర్వర్ల లాగిన్‌లు, ఏపీఐ కీలు. యూజర్ల పాస్‌వర్డ్‌ల కంటే ముందు అవి మార్చండి. క్లయింట్లవి ఉంటే వాళ్లకు మీరే చెప్పాలి, ఆడిట్ రిపోర్ట్ చూసి వాళ్లు అడిగేదాకా ఆగొద్దు.

విశాఖ_నెట్‌వర్క్
తీసేసిన బాక్స్‌ను స్టోర్ రూమ్‌లో పెట్టకండి. ఎవరో ఒకరు బ్యాకప్ లింక్ అని మళ్లీ తగిలిస్తారు. డిస్క్ చెరిపించి ఈ-వేస్ట్‌కు పంపి రసీదు తీసుకోండి.

శేరిలింగంపల్లి_అడ్మిన్
జాబితా మొదలుపెట్టాను. ఇద్దరు క్లయింట్ల లాగిన్‌లు ఉన్నాయి. వాళ్లకు పంపాల్సిన మెయిల్ డ్రాఫ్ట్ రాస్తున్నాను, రాత్రికి ఇక్కడ పెడతాను. పేర్లు తీసేసి. ఒకసారి చూసి చెప్పండి.